రూపాయల్లో నిర్ణయం, డాలర్లలో ఖర్చు: అమెరికా విహారయాత్రకు రోజువారీ వ్యయ ప్రణాళిక

అమెరికా విహారయాత్రకు సిద్ధమయ్యే కుటుంబాలు విమాన టిక్కెట్లకూ, వీసా రుసుములకూ, హోటల్ గదులకూ అయ్యే మొత్తాన్ని నెలల ముందే లెక్కగట్టుకుంటాయి గానీ, అక్కడ దిగిన తరువాత ప్రతిరోజూ చేతి నుంచి జారిపోయే డబ్బు విషయంలో మాత్రం ఎంతైతే అంత అన్న ధోరణితోనే బయలుదేరుతాయి. పెద్ద ఖర్చు ఒక్కసారి చెల్లిస్తే ముగిసిపోతుంది. చిన్న ఖర్చు రోజుకు పది పన్నెండు సార్లు, ఇంట్లో ఉన్నంతమంది కోసం, యాత్ర ముగిసే దాకా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి, మొత్తం అంచనాను తలకిందులు చేసేది చాలాసార్లు ఆ చిన్న ఖర్చే అవుతుంది.

ఈ విషయంలో రెండు రకాల పొరపాట్లు కనిపిస్తాయి. కాఫీ కప్పు నుంచి మంచినీళ్ల సీసా దాకా ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి బెంబేలెత్తడం మొదటిది. అలా లెక్కించేవారు అంత దూరం వెళ్లి కూడా ఆకలిని చంపుకొని, పిల్లలను కసురుతూ, చూడవలసినవి చూడకుండా తిరిగివస్తారు. పది డాలర్లు, ఇరవై డాలర్లు అన్న అంకెలు చిన్నవిగా కనిపించడం వల్ల రూపాయి విలువను పూర్తిగా మరచి కార్డు గీస్తూ పోయి, ఊరికి చేరాక బిల్లు చూసి దిగులుపడడం రెండవది. ఈ రెండింటికీ మందు ఒక్కటే: రూపాయల్లో చేయవలసిన ఆలోచన అంతా ఇంటి దగ్గరే, బయలుదేరక ముందే, ఒకేసారి పూర్తిచేసి, రోజుకు ఇన్ని డాలర్లు అన్న పరిమితిని కుటుంబం కలిసి నిర్ణయించుకోవాలి; ఆ తరువాత అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఆ పరిమితిలోపల డాలర్లలోనే ఆలోచించి, డాలర్లలోనే నిశ్చింతగా ఖర్చు చేయాలి.

రోజువారీ ఖర్చు అంటే ఏది?

యాత్రా వ్యయాన్ని మూడు పద్దులుగా విడదీయడం మొదటి మెట్టు. విమాన టిక్కెట్లు, హోటల్ అద్దె, ప్రయాణ బీమా, ముందుగా కొనదగిన ప్రవేశ టిక్కెట్లు, కారు అద్దె వంటివి ముందస్తు పద్దులోకి వస్తాయి. వీటిలో ఎంత ఎక్కువ భాగం ఇంటి దగ్గరే చెల్లిస్తే అంత మంచిది. తిండి, ఊరిలో తిరుగుడు, పెట్రోలు, పార్కింగు, టిప్పులు, చిరుతిళ్లు, చిన్నా చితకా వస్తువులు రోజువారీ పద్దులోకి వస్తాయి. జబ్బు, సామాను పోవడం, విమానం తప్పిపోవడం వంటి వాటికి పక్కన పెట్టేది ఆపద్ధనం. అమెరికాలో వైద్యం ఎంత ఖరీదైనదో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ భారాన్ని బీమా మీద ఉంచాలి గాని రోజువారీ డబ్బు మీద ఉంచకూడదు. ఊరిలో అందరికీ తెచ్చే కానుకలను కూడా నాలుగవ పద్దుగా వేరు చేయడం ఎంతో అవసరం. భోజనం డబ్బూ కానుకల డబ్బూ ఒకే సంచిలో ఉంటే, చివరి రోజుల కొనుగోళ్ల కోసం మొదటి రోజుల్లో కడుపు మాడ్చుకోవడమో, మొదటి రోజుల ఖర్చు వల్ల చివరికి ఉత్తచేతులతో రావడమో జరుగుతుంది.

ధర చీటీ మీద కనిపించని భాగం

భారతదేశంలో ప్యాకెట్టు మీద ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అమెరికాలో ఆ పద్ధతి లేదు. అక్కడ దేశమంతటికీ వర్తించే అమ్మకపు పన్ను లేకపోవడం వల్ల, ప్రతి రాష్ట్రమూ, కౌంటీ అనబడే జిల్లా వంటి విభాగమూ, నగరమూ తమ తమ వాటాలను వేస్తాయి. ఆ మొత్తం అరలోని ధర చీటీ మీద కాక, డబ్బు కట్టే చోట బిల్లులోనే కనిపిస్తుంది. న్యూయార్క్ నగరంలో ఇది 8.875 శాతం, షికాగోలో 10 శాతానికి పైగా, కాలిఫోర్నియాలో రాష్ట్రవ్యాప్త కనీస రేటే 7.25 శాతం కాగా, చాలా ఊళ్లలో దానిపైన స్థానిక పన్ను కలుస్తుంది. ఆరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలలో రాష్ట్ర అమ్మకపు పన్నే లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియా, టెక్సస్ వంటి అనేక రాష్ట్రాలలో వండని ఆహార సరుకులకు ఈ పన్ను నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, పాలు, రొట్టె, పండ్లు దుకాణంలో కొనడం ఆ విధంగానూ లాభమే.

పన్ను తరువాతిది టిప్పు. బల్ల దగ్గరకు వచ్చి వడ్డించే హోటళ్లలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆచారం. దీని వెనుక వేతన చట్టం ఉంది. టిప్పులు అందుకునే కార్మికులకు యజమాని నేరుగా చెల్లించవలసిన సమాఖ్య కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు మాత్రమే. ఆ అంకె 1991 నుంచి మారలేదు. టిప్పులతో కలిపి గంటకు 7.25 డాలర్ల సాధారణ కనీస వేతనానికి చేరకపోతే తక్కువైనది యజమాని కలపాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు టిప్పుతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇప్పిస్తాయి గాని, టిప్పు ఆచారం అక్కడా ఉంది. అంటే వడ్డించిన మనిషి జీతంలో పెద్ద భాగాన్ని తినడానికి వచ్చినవారే చెల్లిస్తున్నారన్న మాట; దాన్ని ఎగవేసి మిగుల్చుకునే పొదుపు గౌరవప్రదమైన పొదుపు కాదు. పొదుపు చేయదలచినవారు బల్ల దగ్గర వడ్డించే హోటలుకు వెళ్లే పూటలను తగ్గించుకోవాలి. కౌంటరు దగ్గర తామే తెచ్చుకునే చోట తెర మీద టిప్పు అడిగినా, ఇవ్వడం తప్పనిసరి కాదు. ఆరుగురు, అంతకు మించి కలిసి వెళ్తే కొన్ని హోటళ్లు టిప్పును బిల్లులోనే వేస్తాయి కాబట్టి, రెండోసారి ఇవ్వకుండా బిల్లును ఒకసారి చదవాలి.

ఈ రెండూ కలిస్తే ఎంతవుతుందో ఒక భోజనంతో తేలుతుంది. న్యూయార్క్‌లో నలుగురి భోజనం మెనూ ధర ప్రకారం 100 డాలర్లైతే, పన్ను సుమారు 9 డాలర్లు, 18 శాతం టిప్పు 18 డాలర్లు కలిసి 127 డాలర్లవుతుంది. అందువల్ల ఒక సులువైన సూత్రాన్ని కుటుంబంలో అందరూ గుర్తుంచుకోవచ్చు: కూర్చుని వడ్డింపించుకొని తినే చోట మెనూలో 10 డాలర్లను 13గా, కౌంటరు దగ్గరా దుకాణంలోనూ కొనే చోట 10 డాలర్లను 11గా చదువుకోవాలి. పిల్లలకు సైతం ఈ సూత్రం ముందే నేర్పితే, బిల్లు వచ్చినప్పుడు ఉలిక్కిపడే అవసరం ఉండదు.

మూడవది హోటళ్ల అదనపు రుసుము. లాస్ వెగాస్ వంటి చోట్ల గది అద్దెకు పైన రాత్రికి ఇంత అని రిసార్టు రుసుము వసూలు చేస్తారు. ఇలా తప్పనిసరిగా చెల్లించవలసిన రుసుములను ప్రకటించిన ధరలోనే కలిపి చూపాలన్న సమాఖ్య నిబంధన 2025 మే 12 నుంచి అమలులోకి వచ్చినా, ప్రభుత్వ పన్నులనూ పార్కింగునూ విడిగా చూపవచ్చు. పెద్ద నగరాల నడిబొడ్డున కారు నిలిపినందుకు హోటళ్లు రాత్రికి 40, 50 డాలర్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ తీసుకోవడం మామూలే కాబట్టి, న్యూయార్క్, రాజధాని వాషింగ్టన్, షికాగో వంటి చోట్ల కారు లేకుండా మెట్రో రైళ్ల మీద ఆధారపడడమే మేలు.

రోజుల రకాన్ని బట్టి పరిమితి

యాత్ర అంతటికీ ఒకే పరిమితి పెట్టుకుంటే అది మూడో రోజుకే మూలపడుతుంది, ఎందుకంటే మహానగరంలో గడిపే రోజూ బంధువుల ఇంట్లో గడిపే రోజూ ఒకే ఖర్చు కోరవు. అందుచేత రోజులను నగర దినం, ప్రయాణ దినం, విశ్రాంతి దినం అని విభజించి, ఒక్కో రకానికి ఒక్కో అంకె నిర్ణయించడం శాస్త్రీయమైన పద్ధతి.

ఈ అంకెను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఒక నమ్మకమైన కొలమానం ఉంది. అమెరికా సమాఖ్య ప్రభుత్వం తన ఉద్యోగులు అధికారిక పర్యటనలకు వెళ్లినప్పుడు భోజనానికీ చిల్లర ఖర్చులకూ ఇచ్చే దినభత్యాన్ని ఊరి వారీగా ప్రకటిస్తుంది. 2025 ఆర్థిక సంవత్సరానికి అది సాధారణ ప్రాంతాలలో రోజుకు 68 డాలర్లు, అత్యంత ఖరీదైన నగరాలలో 92 డాలర్లు. మూడు పూటలా హోటల్లో తినే ఒక పెద్ద మనిషికి లెక్కగట్టిన మొత్తం ఇది. ఉదయపు ఫలహారం గది అద్దెలోనే కలిసి ఉన్న హోటలును ఎంచుకొని, ఒక పూట కౌంటరు భోజనంతోనూ ఒక పూట కూర్చుని తినే భోజనంతోనూ సరిపెట్టుకునే కుటుంబానికి ఇందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా చాలు.

దంపతులు, 14, 9 ఏళ్ల పిల్లలు ఉన్న ఒక కుటుంబం 12 రోజుల యాత్రలో నాలుగు రోజులు న్యూయార్క్‌లో, మూడు రోజులు వాషింగ్టన్‌లో, మూడు రోజులు న్యూజెర్సీలోని బంధువుల ఇంట్లో, రెండు రోజులు ప్రయాణాలలో గడపదలచిందని అనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. న్యూయార్క్ దినానికి ఉదయం పండ్లకూ పాలకూ 10, మధ్యాహ్నం కౌంటరు భోజనానికి 60, రాత్రి భోజనానికి 127, ఒక్కొక్కరికి మూడు సబ్‌వే (మెట్రో రైలు) ప్రయాణాల చొప్పున 36, కాఫీలకూ చిరుతిళ్లకూ 20, హోటలు గది శుభ్రపరిచేవారికి 5 కలిపి 258, అంటే సుమారు 260 డాలర్లు. మిగిలిన రోజులనూ ఇలాగే వేసుకుంటే వాషింగ్టన్ దినానికి 220, ప్రయాణ దినానికి 180, బంధువుల ఇంట్లో గడిపే దినానికి 100 డాలర్లు అనుకోవచ్చు. అప్పుడు మొత్తం 1040, 660, 360, 300 కలిసి 2360 డాలర్లు. దానికి 15 శాతం ఊహించని చిల్లర ఖర్చుల కోసం చేరిస్తే 2714 డాలర్లు. మారకపు రేటు డాలరుకు 90 రూపాయలనుకున్నా, కార్డు వాడినందుకు బ్యాంకులు వేసే రుసుమును కలిపి 94 రూపాయలుగా లెక్కించడం క్షేమం. ఆ ప్రకారం ఇది సుమారు 2 లక్షల 55 వేల రూపాయలు. ఈ మొత్తం భారమనిపిస్తే తగ్గించవలసిన చోటు ఇంటి దగ్గర కాగితం మీదనే గాని, న్యూయార్క్ హోటలు బల్ల దగ్గర కాదు: ఒక నగరాన్ని మానడమో, రాత్రి భోజనాలను సగానికి తగ్గించడమో, ప్రయాణాన్ని రెండు రోజులు కుదించడమో అప్పుడే నిర్ణయించుకోవాలి.

ప్రవేశ రుసుములు ఈ లెక్కలో లేవు, ఎందుకంటే అవి ముందస్తు పద్దుకు చెందుతాయి. అయినా వాటి మార్పులను గమనించాలి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివసించని సందర్శకులు గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, యెల్లోస్టోన్ వంటి 11 జాతీయ ఉద్యానాలలో మామూలు ప్రవేశ రుసుముకు అదనంగా 16 ఏళ్లు, అంతకు పైబడిన ఒక్కొక్కరికి 100 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. వారికి వార్షిక పాసు ధర 250 డాలర్లు. ఇద్దరు పెద్దలు ఒక్క ఉద్యానాన్ని చూసినా అదనపు రుసుమే 200 డాలర్లవుతుంది కాబట్టి, రెండు ఉద్యానాలు చూసేవారికి పాసు కొనడమే చవక. దీనికి భిన్నంగా, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలూ, అదే సంస్థ నడిపే జంతు ప్రదర్శనశాలా, లింకన్ స్మారకమూ, ఫిలడెల్ఫియాలోని లిబర్టీ గంటా ఉచితం. న్యూయార్క్‌లో స్టాటెన్ ద్వీపానికి వెళ్లే ఉచిత పడవ నుంచి స్వాతంత్ర్య దేవత విగ్రహం చక్కగా కనిపిస్తుంది. టిక్కెట్టు ఎక్కువగా ఉన్న రోజు పక్కన ఇలాంటి ఉచిత దినం ఒకటి వచ్చేలా కార్యక్రమాన్ని అల్లుకుంటే, పరిమితి దానంతటదే సర్దుకుంటుంది.

తిండి దగ్గర చేయదగిన పొదుపు

రోజువారీ పద్దులో తిండిదే సింహభాగం కాబట్టి పొదుపుకు అవకాశం కూడా అక్కడే ఎక్కువ. తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా శాకాహారులైన పెద్దవారిని వెంట తీసుకెళ్లే వారికి, వంటగది ఉన్న హోటలు గది ఎంతో ఉపకరిస్తుంది. రాత్రికి 30 డాలర్లు ఎక్కువ అడిగినా ఒక పూట హోటలు భోజనం తప్పితే ఆ మొత్తం తిరిగి వచ్చినట్టే. న్యూజెర్సీలోని ఎడిసన్, షికాగోలోని డెవాన్ అవెన్యూ, డాలస్ శివార్లు, కాలిఫోర్నియాలోని సన్నీవేల్, ఫ్రీమాంట్ వంటి చోట్ల భారతీయ కిరాణా దుకాణాలలో బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు సులువుగా దొరుకుతాయి. ఇక్కడి నుంచి విద్యుత్ కుక్కరు తీసుకెళ్లడం మాత్రం వృథా శ్రమ: అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, మన కుక్కర్లు 230 వోల్టులకు తయారైనవి. పచ్చళ్లూ పొడులూ వెంట తీసుకెళ్లేవారు తినుబండారాలు ఉన్నాయని కస్టమ్స్ వద్ద తప్పక ప్రకటించాలి. మాంసం, తాజా పండ్లు, కూరగాయలు పెట్టెలో పెట్టకూడదు.

అమెరికా హోటళ్లలో ఒక్కొక్కరికి వడ్డించే పరిమాణం పెద్దది కావడం వల్ల నలుగురికి మూడు వంటకాలు చాలుతాయి. మిగిలినదాన్ని డబ్బాలో కట్టి ఇవ్వమని అడగడం అక్కడ మామూలు మర్యాదే. కూర్చుని తినే హోటళ్లలో కుళాయి నీరు ఉచితంగా ఇస్తారు. విమానాశ్రయాలలోనూ ప్రదర్శనశాలలలోనూ సీసా నింపుకునే కుళాయిలు ఉంటాయి కాబట్టి, మనిషికొక ఖాళీ సీసా వెంట ఉంటే రోజుకు పది పదిహేను డాలర్లు మిగులుతాయి.

డబ్బును ఏ రూపంలో తీసుకెళ్లాలి?

ఒకే సాధనం మీద ఆధారపడకుండా క్రెడిట్ కార్డు, ముందుగా డాలర్లు నింపుకున్న ఫారెక్స్ కార్డు, కొద్దిపాటి నగదు, ఈ మూడింటినీ ఇద్దరు పెద్దల మధ్య పంచుకొని ఉంచుకోవాలి. రోజువారీ పరిమితిని పాటించడానికి ఫారెక్స్ కార్డు అనువైనది, ఎందుకంటే అందులో డాలరు రేటు నింపిన రోజే స్థిరపడిపోతుంది. క్రెడిట్ కార్డు వాడితే చాలా భారతీయ బ్యాంకులు 3.5 శాతం దాకా మారకపు రుసుమునూ, దాని మీద 18 శాతం జీఎస్టీనీ వేస్తాయి. అంటే 100కు 4 రూపాయలకు పైగా అదనం. కార్డు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా అని అడిగితే ఎప్పుడూ డాలర్లనే ఎంచుకోవాలి, రూపాయల్లో చూపే రేటు దాదాపు ఎప్పుడూ నష్టదాయకమే.

తాత్కాలికంగా నిలిపి ఉంచే సొమ్ము గురించి ముందే తెలుసుకోవడం అత్యవసరం. హోటళ్లూ, కారు అద్దె సంస్థలూ, పెట్రోలు బంకులూ అసలు బిల్లు తేలేదాకా కార్డు మీద కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతాయి. అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ మేరకు భోజనం డబ్బే చిక్కుబడిపోతుంది కాబట్టి, ఇలాంటి చోట్ల క్రెడిట్ కార్డునే ఇవ్వాలి. పెట్రోలు పంపు అమెరికా చిరునామా పిన్ కోడు అడిగి భారతీయ కార్డును తిరస్కరిస్తే, లోపల కౌంటరు దగ్గర ముందుగా చెల్లించి నింపుకోవచ్చు.

నగదు టిప్పులకూ, లాండ్రీ యంత్రాలకూ కావాలి. అందువల్ల 1, 5 డాలర్ల నోట్లు ఎక్కువగా ఉంచుకోవాలి. భారతీయ నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఒక ప్రయాణానికి 3000 డాలర్లకు మించి కరెన్సీ నోట్లు కొనకూడదు. విదేశీ మారకంగా కొన్న మొత్తం ఒక వ్యక్తి పేర ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద ముందస్తు పన్ను వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటవుతుంది గాని, అప్పటిదాకా చేతిలో ఉండదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పరిమితి అమలులో ఉంది.

కుటుంబంలో పంపకం

పరిమితిని ఒక్కరే నిర్ణయించి మిగిలినవారి మీద రుద్దితే, ఆ ఒక్కరు యాత్రంతా కాపలాదారుగా, మిగిలినవారు అపరాధులుగా మారిపోతారు. అందరూ కూర్చుని నిర్ణయించిన పరిమితిని అందరూ కాపాడతారు. ఇందులో ముఖ్యమైన భాగం పిల్లల సొంత డబ్బు. 14 ఏళ్ల బిడ్డకు యాత్ర మొత్తానికి 60 డాలర్లు, 9 ఏళ్ల బిడ్డకు 40 డాలర్లు అని ముందే చెప్పి చేతికిచ్చి, దానితో ఏమి కొన్నా ప్రశ్నించబోమన్న మాట నిలబెట్టుకుంటే, ప్రతి బొమ్మల దుకాణం ముందూ జరిగే వాదులాట ఆగుతుంది. పన్నును కలుపుకొని ధర చూడడం, ఇష్టమైన రెండింటిలో ఒకదాన్ని వదులుకోవడం పిల్లలు స్వయంగా నేర్చుకుంటారు. వెంట వచ్చిన నానమ్మకూ తాతయ్యకూ కూడా ఇలాగే కొంత డబ్బు చేతిలో ఉంచడం మర్యాద. ప్రతి చిన్న అవసరానికీ కొడుకునో కోడలినో అడగవలసి రావడం పెద్దలకు చిన్నతనంగా ఉంటుంది, చాలామంది అడగడం మాని అవసరాన్నే చంపుకుంటారు.

బంధువుల ఇంట్లో దిగినప్పుడు ఖర్చు లేదనుకోవడం న్యాయం కాదు. అతిథుల కోసం వారు సెలవు పెడతారు, కారులో తిప్పుతారు, టోల్ రుసుములు కడతారు, వారాంతపు సరుకులకు రెట్టింపు ఖర్చు పెడతారు. వద్దంటారే గాని ఆ భారం వారి నెల బడ్జెట్టు మీద నిజంగానే పడుతుంది. పై లెక్కలో బంధువుల ఇంటి దినానికి 100 డాలర్లు చూపినది ఇందుకే. డబ్బు చేతికిస్తే నొచ్చుకునే చోట, సరుకులు తెచ్చే బాధ్యతనూ, ఒక పూట అందరి హోటలు భోజనాన్నీ, ఒకసారి పెట్రోలునూ తీసుకుంటే ఆప్యాయతా నిలుస్తుంది, న్యాయమూ జరుగుతుంది.

రాత్రి పూట పది నిమిషాలు

ప్రణాళిక ఎంత చక్కగా ఉన్నా దినదినమూ సరిచూడకపోతే కాగితంగానే మిగులుతుంది. ప్రతిరాత్రీ ఆ రోజు రసీదులు ముందు పెట్టుకొని, ఖర్చైన మొత్తాన్ని ఒక చిన్న పుస్తకంలో రాసి, ఆనాటి పరిమితితో పోల్చాలి. మిగిలినది రేపటికి కలుస్తుంది, మించినది రేపటి నుంచి తగ్గుతుంది. రెండు రోజుల్లో సర్దలేనంత తేడా వచ్చినప్పుడు మాత్రమే 15 శాతం నిల్వను తాకాలి. ఈ పని దోషవిచారణగా మారకూడదు. ఎవరు ఎందుకు ఖర్చు పెట్టారన్న ప్రశ్న అక్కర లేదు, మిగిలిన డబ్బుతో మిగిలిన రోజులను ఎలా గడపాలన్న ప్రశ్నే చాలు. ఈ లెక్కను పెద్ద బిడ్డకు అప్పగించడం ఇంకా మేలు.

సాధన

ప్రయాణానికి రెండు నెలల ముందు కుటుంబమంతా కలిసి ఈ క్రింది పనులను పూర్తిచేయాలి.

1. యాత్రలోని ప్రతి రోజునూ ఒక వరుసలో రాసి, అది నగర దినమో, ప్రయాణ దినమో, విశ్రాంతి దినమో గుర్తించాలి.
2. ఒక్కో రకం దినానికి తిండి, రవాణా, చిరుతిళ్లు, టిప్పులు అని విడివిడిగా అంచనా వేసి, 10కి 13, 10కి 11 సూత్రాలను వర్తింపజేయాలి.
3. మొత్తానికి 15 శాతం నిల్వ కలిపి, మారకపు రుసుముతో సహా రూపాయల్లోకి మార్చి, ఆ మొత్తం కుటుంబ స్తోమతకు తగినదా అని నిజాయితీగా చర్చించాలి.
4. తగ్గించవలసి వస్తే ఏ రోజులో ఏది మానాలో అప్పుడే నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోవాలి.
5. తప్పక అనుభవించాలని ఒక్కొక్కరు కోరుకునే ఒక్కొక్క విషయాన్ని రాసి, దానికి కావలసిన డబ్బును అన్నిటికంటే ముందు పక్కన పెట్టాలి.

ఈ అయిదింటిలో చివరిది అన్నిటికంటే విలువైనది. నయాగరా దగ్గర పడవ ఎక్కాలని తల్లికీ, బాస్కెట్‌బాల్ ఆట చూడాలని కొడుక్కీ ఉన్న కోరికలకు ముందే చోటు దొరికితే, మిగిలిన చోట్ల చేసే పొదుపు ఎవరికీ త్యాగంగా అనిపించదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో మధ్యతరగతి కుటుంబం చేసే ఇంత దూరపు ప్రయాణం బహుశా మళ్లీ మళ్లీ రాదు కాబట్టి, ఆ పన్నెండు రోజులనూ ధరల భయానికీ, తిరిగివచ్చాక వచ్చే అప్పుల భయానికీ అప్పగించకుండా కాపాడుకోవడమే రోజువారీ పరిమితి అసలు ప్రయోజనం.